వెంట్రుకలు లేని గడ్డ

అమ్మ కడుపు ఉబ్బుతుంటే శామీర్‌పేటంత ఒకటే లొల్లి. నీళ్లోసుకున్నదని కొందరన్నరు. ముట్లుడిగిన మనిషి ఎట్ల నీళ్లోసుకుంటది, వీళ్ల నోట్లె మన్నువడ! నాయిన తల్లి, మా అవ్వకైతే ఒకటే భయం, బాణామతి. ఎవరో చేతబడి జేసిన్రు, కోడలి కడుపుల వెంట్రుకల ఉండలు పెరుగుతున్నయని. అప్పట్ల మా దిక్కు కడుపుల వెంట్రుకలుంటే మనిషి ఇగ దక్కదని లెక్క. అమ్మ గూడ అదే నమ్మింది, భయానికి నిద్రవోకపోతుండె.

నాయిన బండి కట్టిండు. మేడ్చల్ టేషన్‌కు, ఆడికెల్లి రైల్ల పట్నం దవాఖానకు తీస్కపోయినం. అప్పటికే నాకు పెండ్లయింది. చంకల పిల్లగాడు, తొడమీద అమ్మ తల. పానం యాష్టకొచ్చింది.

డాక్టరమ్మ కడుపు ఒత్తి చూసి నన్ను పక్కకు పిలిచింది.

"అండాశయంల గడ్డ. ఈ గడ్డలన్నీ ఒక్కతీరుగ ఉండయి బిడ్డా. ఒకదాంట్ల జిగురుంటది. ఒకదాంట్ల నీళ్లుంటయి, లోపల పొక్కుల్లెక్క మొలుస్తది. అది కడుపంత పాకితే రాచపుండు. ఇంకోదాంట్ల వెంట్రుకలు, పండ్లు గూడ ఉంటయి. చూస్తె జడుసుకుంటరు గని శానవరకు అదే మంచిది, తీసేస్తే పోతది. ఏదో కోసినంకనే తెలుస్తది."

లోపల కోస్తుంటే నేను వరండల కూసొని మొక్కిన, దేవుడా, వెంట్రుకలే ఎల్లాలె. పక్కనే అవ్వ మైసమ్మకు మొక్కుతాంది, తల్లీ, ఒక్క వెంట్రుక గూడ ఎల్లొద్దు. డాక్టరమ్మ మాట ఆమెకు చెప్పి చూసిన.

"థూ! నీ తల్లి కడుపుల వెంట్రుకలు కావాల్నానే నీకు?" అని కసిరింది.

డాక్టరమ్మ బయటికొచ్చింది. "వెంట్రుకలు లేవు బిడ్డా. నీళ్ల గడ్డ. కడుపంత పాకింది. ఏం జెయ్యరాలే, మూసి కుట్టేసిన."

అవ్వకు మొదటి మాటే చెవులవడ్డది. "లేవంటనే, లేవంట!" అని సంతోషానికి ఏడ్సింది. కొంగుల ముడేసుకున్న బెల్లం వరండల ఆడోళ్లందరికి పంచింది. నా నోట్లె గూడ పెట్టింది. మింగుడువడలే.

అమ్మ కండ్లు తెరవంగనే అవ్వ ఉరికింది. "నీకు ఎవ్వరేం జెయ్యలే బిడ్డా, వెంట్రుకలు లేవు."

అమ్మ నా దిక్కు చూసింది. "నిజమేనానే?"

"నిజమే అమ్మా."

ఎన్నో నెలలకు అమ్మ మొఖంల నవ్వు చూసిన. "అయితె ఇగ బతికినట్టే," అన్నది. "ఇంటికి పోదాం పా."