పగలు మూసిన తలుపు

భిలాయిలో పుట్టిన పిల్లకి చప్పుడు చెయ్యకుండా బతకడం ఉగ్గుపాలతో అబ్బుతుంది. సెక్టర్ 7లో మా క్వార్టర్‌లో నాన్న స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుంటే కర్టెన్లు మూసేవాళ్లం, తలుపు గడియ పెట్టేవాళ్లం. కుక్కర్ కూత పెట్టకముందే అమ్మ స్టవ్ ఆపేసేది. పగటిపూట ఎవరింటి తలుపైనా మూసుందంటే, ఎంత పనున్నా వెనక్కి తిరిగిపోవాలి. అది మా వీధి మర్యాద.

ఆ మర్యాదంతా మూటగట్టుకుని మావారి వెంట టాంజానియాలో ఓ పల్లెటూరికి వెళ్లాను. చుట్టుపక్కల ఊళ్లలో బోర్లు వేయించి పంపులు బిగించడం ఆయన పని. రెండేళ్లు ఉండాలి. పొద్దున్నే బండెక్కి వెళ్తే పొద్దుగూకాక రావడం. నాకు మిగిలింది ఎర్రమట్టి వాకిలి, రోజంతా వచ్చేపోయే జనం. వాళ్లు తలుపు తట్టరు. వాకిట్లో నిలబడి, లోపలికి రావచ్చా అన్నట్టు “హోడీ!” అని పిలుస్తారు. ఎలా లేచావు, ఎలా పడుకున్నావు, ఇల్లెలా ఉంది, వంటెలా ఉంది, అన్నీ అడిగాక గాని వచ్చిన పని చెప్పరు. చాలాసార్లు పనేమీ ఉండదు కూడా. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

రెండో వారంలో అమ్మకి ఫోన్ చేశాను.

“మనోళ్లెవరైనా ఉన్నారేటే అక్కడ?” అంది. భిలాయి తెలుగువాళ్లు ఏ కొత్త ఊరి గురించైనా ముందు అడిగేది అదే.

“ఒక్కరూ లేరు. వచ్చేస్తాను. టికెట్ తియ్యమని నాన్నకి చెప్పు.”

“మరి అల్లుడుగారి పనేటవుద్ది?”

నన్ను పొడుస్తున్న ముల్లు అదే. నేను వెళ్లిపోతే తనూ మానేసి వచ్చేస్తానన్నారు. ఆయనకి ఆ పనంటే ప్రాణం. నీళ్లు పడిన రోజు పాడుకుంటూ ఇంటికొస్తారు. నెలాఖరులోగా తేల్చుకుంటానన్నాను.

మర్నాడు తలనొప్పి. మధ్యాహ్నం గుమ్మం ముందు చెప్పులు విడిచి, తలుపు గడియ పెట్టి పడుకున్నాను. “హోడీ!” అన్నారెవరో. పలకలేదు. మళ్లీ పిలిచారు. దుప్పటి ముసుగేసుకున్నాను. మూసిన తలుపు చూస్తే బుద్ధున్న వాళ్లెవరైనా వెళ్లిపోతారు కదా!

నిద్ర లేచి తలుపు తీసేసరికి వాకిలి నిండా ఆడవాళ్లు. చంటిపిల్లలతో సహా నేల మీద కూర్చుని ఉన్నారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. పక్కింటి ముసలామె గబగబా వచ్చి నా నుదురు తడిమింది, రెండు చెంపలూ పట్టుకుని ఊపుతూ తిట్టింది. భాష రాకపోయినా తిట్టేనని తెలిసింది. మా అమ్మ తిట్టే తీరూ అదే. ముసలామె కోడలికి కాస్త ఇంగ్లీషొచ్చు, తను సంగతి చెప్పింది. ఆ ఊళ్లో పగలు తలుపు మూసుందంటే లోపల చావైనా ఉండాలి, లేవలేని జబ్బైనా ఉండాలి. చెప్పులు బయటే ఉన్నాయి, పిలిస్తే పలుకు లేదు. మావారి కోసం అప్పటికే మనిషిని పంపారట.

నాకు నవ్వొచ్చింది. నాన్న షిఫ్టుల సంగతి చెప్తే, కోడలు వాళ్ల భాషలో చెప్పింది. అందరూ నవ్వారు, ముసలామె తప్ప.

“మరి మీ ఊళ్లో నిజంగా జబ్బు చేస్తే పక్కింటికి ఎలా తెలుస్తుంది?” అని అడిగించింది.

మా సెక్టర్‌ని వెనకేసుకొద్దామని నోరు తెరిచాను గాని ఏడుపొచ్చింది. తమకి పేరు కూడా పలకడం రాని మనిషి కోసం వీళ్లంతా భయపడ్డారు. మావారు రొప్పుతూ వచ్చేసరికి, వాళ్లు తెచ్చిన మొక్కజొన్న జావ వాళ్ల మధ్యే కూర్చుని తాగుతున్నాను.

సాయంత్రం అమ్మే ఫోన్ చేసింది.

“నాన్నగారు టికెట్లు చూస్తన్నారే. ఏ తారీకుకి తియ్యమంటావు?”

“వద్దులే అమ్మా.”

“ఏటైందే?”

చెప్పబోతుండగా వాకిట్లోంచి “హోడీ!” అని పిలుపు. తలుపు తీసే ఉంది.

“ఎవరే అది?” అంది అమ్మ.

“మనోళ్లే” అన్నాను.