మూడో రోజు ఉప్పు

కొన్నేళ్ళుగా ఒక మాట లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాస్తాను. ఎండ, రక్తపోటు, ఇంటికి వచ్చినవాళ్ళు, అన్నీ రాశాను. ఇది మాత్రం రాయలేదు. మీకు చెబుతున్నాను.

నాకు పుర్రె అడుగున, ముక్కు వెనక ఒక గడ్డ లేచింది. ముక్కులోంచే పరికరాలు పంపి తీశారు. వాసన తగ్గవచ్చని డాక్టర్ ముందే చెప్పాడు. తగ్గడం కాదు, పూర్తిగా పోయింది. దానితో పాటు నాలుక మీద ఏది పెట్టినా ఇనుము నాకినట్టు చేదు. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టర్‌తోనూ, ఇంట్లోనూ బాగానే ఉందన్నాను. ఎందుకలా అన్నాను? ఇంట్లో నాకింకా మిగిలిన పెద్దరికం ఆ నాలుకదేనని అనుకున్నానేమో.

ఆవకాయ కలిపిన మూడో రోజు తిరగగలిపాక ఉప్పు చూసేది మా ఇంట్లో నేనే. ఆపరేషన్ తర్వాత వచ్చిన వేసవిలో నా భార్యకు మోకాళ్ళ నొప్పులు. కోడలు స్రవంతి గచ్చిబౌలిలో ఆఫీసుకు సెలవు పెట్టి మరీ పచ్చడి కలిపింది. ఉప్పు కాస్త తగ్గించి వెయ్యమని, చాలకపోతే మూడో రోజు కలుపుదామని అత్తగారే చెప్పింది. మూడో రోజు స్రవంతి గరిటె తుడిచి, నా ముందే జాడీ తిరగగలిపి, ఒక ముక్క నా చేతిలో పెట్టింది. చేదు తప్ప ఏమీ తెలియలేదు. "సరిపోయింది" అన్నాను.

నెల తిరక్కుండా జాడీలో తెల్లగా బూజు. అందరూ ముక్కు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

"తడి గరిటె పెట్టి ఉంటావు. మీ ఖాజాగూడ పుట్టింట్లో ఇలాగే పెడతారు కాబోలు," అంది నా భార్య.

"తుడిచే పెట్టిన అత్తమ్మా. మామయ్యా, మీ ముంగటనే కలిపిన గద. జర మీరన్న చెప్పుండ్రి."

ఆ అమ్మాయి నా వైపే చూస్తోంది. "పోనీలే, చిన్నపిల్ల. వదిలెయ్యండి," అన్నాను. క్షమించినట్టుగా. ఆ మాటతో తప్పు ఆమెదేనని ఖాయమైపోయింది. నాకేమో మంచి మామగారినని పేరొచ్చింది. తెలియకే అన్నానా? లేదు, తెలిసే అన్నాను.

స్రవంతి తర్వాత ఎప్పుడూ జాడీ ముట్టుకోలేదు. పచ్చళ్ళ రోజున ఆఫీసులో పని ఉందంటుంది. ఇప్పటికీ నాకు ముందుగా వడ్డిస్తుంది. ఎలా ఉందని మాత్రం అడగదు.

ఈ రోజు డైరీలో దీని గురించి మొదటి వాక్యం రాశాను. దాన్ని ఆమె ముందు పైకి చదవగలనో లేదో తెలియదు. రాసింది ఇంతే: గరిటె పొడిగానే ఉంది. నేను చూశాను.