పొడుగు పిల్లవాడి వయసు

నా చిన్నప్పుడు, తెలంగాణ వచ్చిన కొత్తలో, కల్వకుర్తిలోని మా బడి ఆవరణలో బాస్కెట్‌బాల్ కోర్టు వేశారు. నాకు ఆ ఆట అంటే పిచ్చి పట్టింది. పొద్దున్నే వెళ్లి బంతి కొట్టుకుంటూ కోర్టంతా తిరిగేవాణ్ణి. బంతి నా చేతి మాట వినేది కానీ రింగు దాకా మాత్రం పోయేది కాదు. పదమూడేళ్లు వచ్చినా నా ఒళ్లు పదేళ్ల పిల్లవాడిదే. రెండు చేతులా బలమంతా పెట్టి విసిరినా బంతి వలకు తగిలి కింద పడేది.

"నీ ఆట మంచిగనే ఉంది గని, నీ ఒళ్లు ఎప్పుడు పెరుగుతదిరా?" అని మా ఆటల సారు నవ్వేవారు. ఆయన నవ్వి మరిచిపోయేవారు. నేను ఇంటికెళ్లి తలుపు చట్రం పట్టుకుని వేలాడేవాణ్ణి.

మా తరగతిలోనే ఇంకో పిల్లవాడు ఉండేవాడు. వేసవి సెలవులకు ముందు నాకంటే కాస్తే ఎత్తు. సెలవులయ్యాక సారు భుజం దాటి పెరిగి వచ్చాడు. మీసం కూడా నల్లబడింది. వాడికి బంతి సరిగ్గా కొట్టడం రాదు. కానీ రింగు కింద నిలబడితే ముగ్గురు కలిసి తోసినా కదిలేవాడు కాదు. సారు వాణ్ణి ఐదుగురిలోకి తీసుకుని నన్ను పక్కన కూర్చోబెట్టారు. మేమంతా వాణ్ణి "పెండ్లికొడుకా" అని పిలిచేవాళ్లం. పిలిచినప్పుడల్లా వాడు కొంచెం వంగి నిలబడేవాడు. అందరికంటే గట్టిగా పిలిచింది నేనే.

ఒకరోజు బయటి బడి జట్టు మా బడికి పోటీకి వచ్చింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆట అది. మొదటి సగంలో మా పాయింట్లన్నీ దాదాపు వాడివే. విరామంలో ఆ జట్టు సారు కోపంగా వచ్చారు.

"గీడు పద్నాలుగేండ్ల లోపటోడా? మీసాలు జూడుర్రి!"

మా సారు బడి కాగితం చూపించారు. గసొంటి కాగితాలు ఎవరైనా రాసిస్తరని ఆయన కొట్టిపారేసి, బెంచీ మీదున్న నా వైపు తిరిగారు.

"ఏం రా బుడ్డోడా, నువ్వు జెప్పు. గీడు నీ ఈడోడేనా?"

మేమిద్దరం ఒకటో తరగతిలో ఒకే రోజు చేరాం. వాడు నా వైపు ధీమాగా చూశాడు. నేను చెబుతానని నమ్మాడు.

"వీన్ని బళ్లె లేటుగ ఏసిన్రు సార్" అన్నాను.

ఆయన వాడి గదవ పట్టుకుని నోరు తెరవమన్నారు. జ్ఞానదంతం వచ్చిందేమోనని వెలుగుకు తిప్పి చూశారు. చుట్టూ పిల్లలు నవ్వారు. నోరు తెరిచి నిలబడ్డవాడి కళ్ల నుంచి నీళ్లు కారాయి.

ఆట చూడటానికి వచ్చిన మా తాతయ్య గోడ పక్క నుంచి లేచి వచ్చాడు. ఆయన ఎడ్ల బేరాలు చేసేవాడు. పళ్లు చూసి వయసు చెప్పడం ఆయనకు రోజూ పనే. "ఇడువు సార్. అది కోడె గాదు, పోరడు. మా వానితోటోడే, నాకెరుక" అన్నాడు. ఎవరూ వినలేదు. గొడవెందుకని మా సారు వాణ్ణి కూర్చోబెట్టి, వాడి బనీనే నాకు తొడిగారు. అది నా మోకాళ్ల దాకా వచ్చింది. వాడి చెమటతో ఇంకా తడిగా ఉంది. ఆట ఓడిపోయాం. నేను ఒక్క బంతి కూడా రింగులో వేయలేదు.

ఆట అయ్యాక తాతయ్యతో ఇంటికి బయలుదేరాను, ఆ పొడుగు పిల్లవాడూ మా వెంటే వచ్చాడు. ఇంటికి పోవాలంటే శ్రీశైలం రోడ్డు దాటాలి. రోజూ నా చేయి పట్టుకునే దాటించేవాడు. ఆ సాయంత్రం కూడా నేను చేయి చాచాను. ఆయన ఆ పొడుగు పిల్లవాడి చేయి పట్టుకున్నాడు.

"దా బిడ్డా, లారీలొస్తున్నయ్. జర నాతోని నడువు." తర్వాత నా వైపు చూశాడు. "నువ్వు దాటుతవ్ లే. నీకు తెలివి మస్తుగుంది."

నేనొక్కణ్ణే దాటి వెనక్కి చూశాను. తాతయ్య కంటే ఎత్తైన వాడు తల వంచుకుని, ఆయన వేళ్లు గట్టిగా పట్టుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తూ వస్తున్నాడు. ఒళ్లు పెరిగిన నాటి నుంచి వాణ్ణి ఎవరూ అట్లా పట్టుకుని ఉండరని నాకు అప్పుడు తట్టింది. వాడి భుజాలు చూసి మేమంతా వాడి వయసు మరిచిపోయాం. మరిచిపోనివాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసీ అబద్ధం ఆడాను.

వాడు మళ్లీ కోర్టుకు రాలేదు. ఆ తర్వాత మూడేళ్లకు నా ఒళ్లు పెరిగింది. వాడు మాత్రం అప్పటికి ఎంత ఉన్నాడో అంతే ఉండిపోయాడు. మొన్నామధ్య బస్టాండులో కలిశాడు. ఇద్దరం ఒకే ఎత్తులో ఉన్నాం.

"తాత మంచిగున్నడారా?" అన్నాడు మొదటి మాటగా.

"పోయిండు" అన్నాను.

అప్పుడైనా ఆ రోజు తప్పు చేశానని చెప్పాల్సింది. బస్సు వచ్చిందని ఎక్కేశాను.

ఇప్పుడు నేనూ పిల్లలకు ఆట నేర్పుతున్నాను. పొట్టి పిల్లలకు ఓపిక పట్టమని చెప్పగలుగుతున్నాను. మీసాలొచ్చిన పిల్లల్ని పసివాళ్లుగా చూడగలుగుతున్నాను. అది మా తాతయ్య నాకిచ్చింది. నేను వాడికి చెప్పాల్సిన ఆ మాట మాత్రం ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.