మూత కదలని పిస్తోలు

ఒక మనిషిని చంపుతానని రోజూ చెప్పడం, చెప్పి చంపకపోవడం. దామోదరసామి నాయకర్‌కు ఉన్న అలవాటు ఇదొక్కటే. చుట్ట లేదు, పేకాట లేదు. పొద్దున్నే లేచి, సజ్జలతో కాచిన కంబు గంజి తాగి, వీధి అరుగు మీద కూర్చుని, పిస్తోలు ఒళ్లో పెట్టుకుని, "ఇవాళ వాణ్ణి కాల్చేస్తా" అనేవాడు. పొద్దు వాలేసరికి పిస్తోలును గుడ్డలో చుట్టి, "చేతులు మాట వినలే" అంటూ లోపలికి పోయేవాడు. కోవిల్‌పట్టికి ఎద్దుబండి దూరంలో ఉన్న ఆ నల్లరేగడి ఊళ్లో ఈ మాట వినపడకపోతే, నాయకర్‌కు ఒళ్లు బాగాలేదేమోనని జనం వచ్చి చూసి పోయేవాళ్లు.

'వాడు' అంటే నారాయణసామి. దామోదరసామి చెల్లెలు బొమ్మక్క మొగుణ్ణి పొలం గట్టు తగాదాలో వేటకొడవలితో నరికి చంపినవాడు. పత్తికాయలు పగిలి చేను తెల్లగా ఉన్న రోజుల్లో జరిగింది. ఆ ఏడు ఆ సాళ్లలో పత్తి తియ్యడానికి కూలీలెవరూ రాలేదు. బొమ్మక్క ఏడవలేదు. మెళ్లో తాళి తీసేసి తెల్లచీర కట్టిన రోజు, అన్న ముందు కూర్చుని ఒకటే అడిగింది.

"అన్నా, వాడు తిని తిరుగుతా ఉంటే నేను చూడాల్నా?"

"చూడొద్దులే" అన్నాడు అన్న.

కోర్టు నారాయణసామికి ఉరి వెయ్యలేదు, జైలు వేసింది. బొమ్మక్క పిల్లాడు చెల్లసామిని తీసుకుని అన్న ఇంటికి వచ్చేసింది. ఏళ్లు గడిచాయి. నారాయణసామిని విడిచిపెడుతున్నారని తెలిసిన వారంలోనే దామోదరసామి తూత్తుకుడి పోయి, సీమకు తిరిగిపోతున్న ఒక పత్తి కంపెనీ దొర దగ్గర పిస్తోలు కొని, అడవిపందుల భయమని లైసెన్సు రాయించుకుని వచ్చాడు. ఆ చుట్టుపక్కల అడవీ లేదు, పందులూ లేవు.

అది దొరల కొత్తరకం పిస్తోలు. పైన ఒక ఇనుప తొడుగు ఉంటుంది. దాన్ని వెనక్కి బలంగా లాగి వదిలితేనే తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. ఊళ్లో దాన్ని మూత అనేవాళ్లు. ఆ మూత బిగువంటే బిగువు కాదు, లోపల స్ప్రింగు పొగరుపట్టిన గిత్తలా ఉండేది. దామోదరసామి చేతులేమో కీళ్లవాతంతో కణుపు కణుపుకూ వాచి ఉండేవి. పంచె ముడి వేసుకోవడానికే సగం పూట పట్టే మనిషి, బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ మూతను ముక్కుపొడుం పట్టినట్టు పట్టి లాగేవాడు. ముఖం ఎర్రబడేది, మెడనరాలు ఉబ్బేవి. మూత గోరంత జరిగి, టక్కున మళ్లీ తన చోటికి పోయేది.

"వచ్చినాది, వచ్చినాది, కొంచంలో తప్పిపోయినాది" అనేవాడు.

నారాయణసామి జైలు నుంచి వచ్చిన రోజు కోవిల్‌పట్టి స్టేషనుకు అన్నాచెల్లెళ్లిద్దరూ పోయారు. రైలు దిగినవాణ్ణి చూసి బొమ్మక్క గుర్తుపట్టలేదు. జుట్టు నెరిసింది, ఒక కాలు ఈడుస్తున్నాడు. గుర్తుపట్టాక మాత్రం అన్నను మోచేత్తో పొడిచింది.

"నిలబడరా!" అని అరిచాడు దామోదరసామి. నారాయణసామి మూట కింద పెట్టి నిలబడ్డాడు. ప్లాట్‌ఫారం ఖాళీ అయిపోయింది. దామోదరసామి మూత లాగాడు. రాలేదు. పంచెతో తుడిచి మళ్లీ లాగాడు. రైలు కూత వేసి వెళ్లిపోయింది. నారాయణసామి నిలబడే ఉన్నాడు.

"అన్నా, ఉండనా, పోనా?"

"ఉండరా! ఏం అవసరం నీకి?"

మళ్లీ లాగాడు. చెమటకు వేళ్లు జారాయి. నారాయణసామి కాసేపు చూసి, నిజంగా సాయం చేసే గొంతుతోనే అన్నాడు.

"నేను లాగి ఇయ్యనా అన్నా?"

"నీ పని నువ్వు చూసుకోరా! పో. ఇంకో దినం కాలుస్తా."

ఇల్లు చేరగానే బొమ్మక్క ఆముదం కాచింది. ఆ రోజు నుంచి రోజూ పొద్దున అన్న చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క వేలూ నూనెతో పిసికేది. వేడి ఉప్పుమూట కాపేది. తడిగుడ్డ ఇచ్చి పిండమనేది. రాగులతో చేసే కేప్ప సంగటి ఆయన చేతనే కలియబెట్టించేది. తల్లి పసిబిడ్డకు నలుగు పెట్టేటంత ఓపికగా ఆమె ఒక చావు కోసం ఆ వేళ్లను సాకింది. నొప్పికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగితే, "ఓర్చుకో అన్నా, నేను ఓర్చుకోలేదా" అనేది.

"ఎట్లుండాయి ఇవాళ?"

"నిన్నటికి పరవాలే. అయినా పట్టు చాల్లే."

ఒకసారి ఆమే పట్టుబట్టి ఆయన్ని విరుదునగర్ తీసుకుపోయింది. మిరపకాయల మండీ పక్కన తుపాకులు, తాళాలు బాగుచేసే ఆండి ఆసారి అనే కమ్మరి కొట్టు ఉంది. మిరపఘాటుకు ఆండి ఆసారి తుమ్ముతూనే పిస్తోలు విప్పి చూశాడు.

"స్ప్రింగు కొంచెం తగ్గిస్తే చాలు నాయకరయ్యా, పసిపిల్లైనా లాగుతుంది."

"తగ్గిస్తే తూటా వేగం తగ్గుతాది. వాడి తోలు మందం. ముట్టొద్దు."

"వేగానికీ దానికీ సంబంధం లేదయ్యా."

"దొర చెప్పినాడు!" అని దామోదరసామి గట్టిగా అనేసి, చెల్లెల్ని మిరపకాయలు కొనుక్కురమ్మని పంపించాడు. ఆమె వచ్చేసరికి పిస్తోలు ఎలా పోయిందో అలాగే గుడ్డలో చుట్టి ఉంది.

చెల్లసామికి మీసాలు వచ్చాయి. కోవిల్‌పట్టిలో మిల్లు పనికి పోయేవాడు. నవ్వేవాడు కాదు. ఒకనాడు పెరట్లో రాతి మీద వేటకొడవలి నూరుతుంటే బొమ్మక్క చూసింది. ఆపమని నోరు రాలేదు, చెయ్యమనీ రాలేదు. ఆ చప్పుడు విని దామోదరసామి పిస్తోలుతో సహా పరుగెత్తుకొచ్చి మేనల్లుడి చెంప మీద ఒకటి వేశాడు. వేసినాక నొప్పికి తానే చెయ్యి విదిలించుకుంటూ గెంతాడు.

"పెద్దోడు నేనుండగా నువ్వు చంపుతావారా? పెద్దోళ్లు తినకముందే విస్తరి ముందర కూర్చుంటావా?"

"నువ్వు ఎప్పుడు మామా చంపేది? వాడు ముసలోడైపోయినాడు."

"చేతులు బాగైన మరుదినమే."

"అయితే మూత నేను లాగి ఇస్తా, నువ్వు కాల్చు."

"లైసెన్సు నా పేరు మీద ఉండాది. వేరే వాళ్లు మూత లాగితే లైసెన్సు రద్దు. రద్దైన పిస్తోలుతో కాలిస్తే ఆ చావు చెల్లదు."

చెల్లని చావు ఎలా ఉంటుందో చెల్లసామికి అర్థం కాలేదు. కానీ మామ ముఖం చూసి వేటకొడవలి చూరులో పెట్టేశాడు. చంపే హక్కు మామదేనని ఊరంతా ఒప్పుకున్న సంగతి. వంతు తప్పడం మర్యాద కాదు.

అలా సాగుతుండగా ఒక ఏడు చిత్తిరి నెల ఎండల్లో ఊళ్లోకి పిచ్చికుక్క వచ్చింది. మేకలు కాసే ముసలాణ్ణి కరిచింది. నెల తిరిగేసరికి అతను నీళ్లచెంబు చూసి వణుకుతూ, కొట్టంలో కట్టేసి ఉండగా ప్రాణం విడిచాడు. ఆ అరుపులు విన్నవాళ్లు తర్వాత చాలా రోజులు సరిగా అన్నం తినలేకపోయారు. మగవాళ్లు కర్రలు లేకుండా బయటికి రావడం మానేశారు.

ఆ వారంలోనే ఒక పొద్దున బొమ్మక్క అరుగు మీద అన్న చేతులకు నూనె పట్టిస్తోంది. నారాయణసామి, కొడుకు ముందే పోయిన పొలానికి కాలీడ్చుకుంటూ పోతున్నాడు.

"నిలబడరా!" అన్నాడు దామోదరసామి, అలవాటు చొప్పున.

నారాయణసామి అలవాటు చొప్పునే వీధి మధ్య నిలబడ్డాడు. అప్పుడు సందులోంచి, ఆ పిచ్చికుక్క కరవగా పిచ్చెక్కిన ఇంకో కుక్క వచ్చింది. తల కిందికి వేసి, నోట చొంగ కారుస్తూ, నేరుగా వస్తోంది. ఎవరో మేడ మీంచి కేక పెట్టారు. నారాయణసామి తిరిగి చూశాడు. పరుగెత్తబోయాడు, కాలు లేవలేదు. అక్కడే కూలబడ్డాడు.

బొమ్మక్క చూస్తూ కూర్చుంది. ఆమెకు భయం వెయ్యలేదు. కరవనీ అనుకుంది. ఆ ముసలాడు చచ్చినట్టే చావనీ అనుకుంది. ఆ మాట మనసులో పూర్తయ్యేలోపల ఆమె ఒళ్లోంచి అన్న చేతులు లేచిపోయాయి.

దామోదరసామి నూనెచేతులు పంచెకు ఒక్కసారి రాసుకున్నాడు. పిస్తోలును కడుపు దగ్గరికి తెచ్చుకున్నాడు. వేళ్లతో గిల్లలేదు. ఎడమ అరచెయ్యి మొత్తం మూత మీద కప్పి, గుప్పెటతో అదిమి పట్టాడు. ఎడమచెయ్యి వెనక్కి, పిడి పట్టిన కుడిచెయ్యి ముందుకి, ఒళ్లంతా కలిపి ఒక్క తోపు తోశాడు. మూత సొరుగులా వెనక్కి వచ్చి, ఖణేలున ముందుకి పోయింది. ఆ వెంటనే పేలింది. నారాయణసామి పాదాలకు జానెడు దూరంలో కుక్క పడిపోయింది.

దామోదరసామి పొగ కక్కుతున్న పిస్తోలు వంకా, జనం వంకా చూసి, ఒక్కసారిగా నెత్తి కొట్టుకున్నాడు.

"చెడిపాయె! గురి తప్పిపాయె! వాణ్ణి కాలిస్తే దరిద్రపు కుక్క అడ్డం వచ్చినాదే!"

నారాయణసామి నేల మీదే చేతులు జోడించాడు. "అన్నా..."

"పోరా! మూత మళ్లా బిగుసుకున్నాది కాబట్టి బతికిపోయినావు. పో!"

మొదటి తూటా పేలితే రెండోది దానంతటదే ఎక్కుతుందని ఊళ్లో ఎవరికీ తెలియదు. కాబట్టి అందరూ నమ్మారు. తూటా నారాయణసామి గుండెకు పోవాల్సింది వంగిపోయిందని కొందరు, కుక్క ఎగిరిందని కొందరు మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు.

బొమ్మక్క మాత్రం అన్న వెంట లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది.

"ఎప్పటినుంచి వస్తాది నీకి?"

"ఏమి?"

"మూత."

ఆయన తడబడ్డాడు. "ఆండి ఆసారి నేర్పినాడు. నువ్వు మిరపకాయలకి పోయినప్పుడు. వేళ్లతో లాగకూడదంట, అరచేత్తో పట్టి ఒంటితో తోయాలంట. చేతులు నొప్పే బొమ్మీ, అది అబద్దం కాదు. చూడు, ఇప్పుడు కూడా ఎట్ల వణుకుతా ఉండాయో."

"ఇన్నేండ్లు నన్ను మోసం చేస్తివి. నా మొగుణ్ణి నరికినోణ్ణి నా కళ్ల ముందర బతికిస్తివి."

ఆయన వాచిన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకి కోపం లేదనుకుంటివా? ఉండాది. నేను వాణ్ణి చంపుంటే నన్ను ఉరి తీసుంటారు. సరి, పోతే పోతి. వాని కొడుకు ఊరకుంటాడా? చెల్లసామిని నరుకుతాడు. నేను చంపనని చెప్పుంటే? ఊరు ఉసిగొల్పినాదంటే చెల్లసామే పోయి నరికి, ఉరి ఎక్కుంటాడు. ఎట్ల తిప్పినా నీ కొడుకే కనపడినాడు. అందుకని చంపుతా, చంపుతా అని చెప్పుకుంటా కూర్చుంటి. వేరే దారి నాకి తెలియలే."

బొమ్మక్క గోడకు ఆనుకుని కూర్చుంది. మొగుడు పోయిననాడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. చాలాసేపు ఏడ్చింది. నారాయణసామిని క్షమించిందా అంటే, లేదు. ఆ తర్వాత కూడా ఏనాడూ క్షమించలేదు. కానీ కళ్లు తుడుచుకున్నాక, ఎండ ఎంత ఎక్కిందో చూసి పొయ్యి రాజేసింది.

మిల్లులో షిఫ్టు ముగించుకుని చెల్లసామి మధ్యాహ్నం వచ్చాడు. దారిలోనే అంతా విని ఉన్నాడు. తల నిండా పత్తిదూది అంటుకుని ఉంది. ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మా, మామకి మూత వచ్చినాదంటనే. చేతులు బాగైపోయినట్టే గదా? ఇంక రేపే వాణ్ణి..."

లోపలి గదిలో అన్న ఊపిరి బిగబట్టాడని బొమ్మక్కకు తెలుస్తూనే ఉంది.

"యాడ బాగైనాయి?" అంది ఆమె, గంటె తిప్పుతూ. "ఆ ఒక్క లాగుడికి ఉన్న నరాలు కూడా పట్టుకుపోయినాయి. వేళ్లు బూడిద గుమ్మడికాయలైనాయి. ఇంక ఎన్ని ఏండ్లు పడుతాదో, ఏమో."

కొడుకు భుజాలు దిగాయి. అది నిరాశ కాదని తల్లికి అర్థమైంది. వాడు పెద్దగా గాలి పీల్చి వదిలాడు, ఎవరో నెత్తి మీది బస్తా దించినట్టు.

"అట్లనా? సరి, పెద్దోడు గదా, తొందరపెడితే ఎట్ల" అన్నాడు. "ఆకలేస్తా ఉండాది, కూడు పెట్టుమా."

అప్పుడు లోపల్నుంచి మూలుగు మొదలైంది. "అయ్యో, చచ్చినానే, ఈ మణికట్టు, ఈ మోచెయ్యి, అమ్మా, ఈ మోకాళ్లు..."

"అన్నా!" అని కేకేసింది బొమ్మక్క. "చేతులతో ఆపు, చాలు. మోకాళ్ల దాకా పోతే పిల్లోడు నమ్మడు."

చెల్లసామి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోయి, ఆగి, తల్లి వంకా, లోపలి గది వంకా చూశాడు. ఆ ఇంట్లో చాన్నాళ్లకు ఒక మనిషి తల వంచుకుని నవ్వుకుంటూ అన్నం తిన్నాడు.