మిల్లన్నం, ప్రార్థనన్నం

జూలై 9, మంగళవారం. ఆస్టినాబాద్ ఇంట్లో ఉన్నవారు: అక్క, అక్క కూతురు, నేను.

మా చిన్నప్పుడు చాతం రంపపు మిల్లులో మధ్యాహ్నం సైరన్ మోగగానే నాన్న అక్కడ క్యారేజీ విప్పేవాడు, ఇంట్లో మేం కంచాల ముందు కూర్చునేవాళ్లం. అందుకే ఆ పూట తిండి మిల్లన్నం. రాత్రిది ప్రార్థనన్నం, ప్రార్థన కానిదే ఎవరూ ముద్ద ముట్టకూడదు.

మతి తప్పిన అక్క మూడు రోజులుగా ఏమీ తినడం లేదు. ఏడింటికి కూతురు స్పూను పట్టుకుని, "డిన్నర్ అమ్మా, థోడా ఖా లో" అని బతిమాలింది. అక్క పళ్లు బిగించింది.

"రేపు పొద్దున్నకీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తారంట మామయ్యా" అని ఏడ్చింది కూతురు.

నేను దగ్గరగా వెళ్లి, "అక్కా, ప్రార్థనన్నం తిందామా?" అన్నాను.

"ప్రార్థన చెయ్యకుండానే? సిగ్గు లేదేట్రా నీకు?"

చేశాను. నాకంటే ముందే ఆమేన్ అని, ఆరు ముద్దలు తింది.

మర్నాడు ఉదయం గంజి తెచ్చాం. పొద్దున్న తాగేదానికి మా ఇంట్లో పేరు లేదు. కిటికీలో ఎండ ఉంది కాబట్టి, "మిల్లన్నం అక్కా" అన్నాను.

"సైరన్ కొట్టలేదు కదరా" అని అక్క నోరు మూసుకుంది. ఎంత బతిమాలినా తెరవలేదు. పదింటికి ఆసుపత్రిలో గొట్టం వేశారు.