నల్లతాడు కట్టిన రాయి

ప్రశాంతత కోసం ఒక తోటకు వెళ్ళి, ఆ తోటకే ప్రశాంతత లేకుండా చేసిన మహానుభావుణ్ణి మీరు ఎప్పుడైనా చూడాలనుకుంటే, యాంగోన్‌లో తామ్వే పేటకు వచ్చి సింహాచలం ఇల్లెక్కడని అడగండి. నేనే తలుపు తీస్తాను. ముందే చెబుతున్నాను, తప్పంతా నాది కాదు.

అసలు మొదలు పులిహోర. కొన్నేళ్ళ కిందట మా అమ్మవారి సంబరంలో వడ్డిస్తున్న కో అప్పన్న (బర్మాలో మగవాళ్ళ పేరు ముందు 'కో' అంటే 'అన్న' అని మర్యాద) నా విస్తరి దాకా వచ్చి, గిన్నె పైకెత్తి, నన్ను వదిలేసి పక్కవాడికి వడ్డించాడు. అయిపోయి కాదండీ! గిన్నెలో ఉంది. నేను చూశాను. అందులో వేరుశనగ గుళ్ళు కూడా చూశాను. నెల తిరిగినా నాకు నిద్ర లేదు. నేను నిద్రపోనివ్వక మా ఆవిడకీ లేదు.

చివరికి మా చెల్లెలు నూకరత్నం జాలిపడింది. "అన్నియ్యా, మా జపాను తోటకి రా. ఓ మూల కూకుంటే మనసు సల్లబడతాది. నోరు మాత్రం ఇప్పకు."

బోటాటౌంగులో పాత గిడ్డంగుల వెనక ఒక జపాను పెద్దమనిషి వేయించిన తోట అది. వచ్చేపోయేవాళ్ళను చూసుకునే పనిలో మా చెల్లెలు కొత్తగా చేరింది. ఆ రోజే యజమాని వచ్చి, ఆమెను ఉంచాలో పంపాలో తేలుస్తాడు. మా బావకు రేవులో పని పోయిన రోజులవి. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈ ఉద్యోగం నిలవాలి.

వెళ్ళాను. నాచు, కొలను, ఎర్రచేపలు, వెదురు గొట్టంలోంచి సన్నగా నీళ్ళు. అంతా బాగుంది. ఎంత బాగుందంటే, ఫిర్యాదు చేయడానికి ఏమీ దొరక్క నాకు ఊపిరాడలేదు.

అప్పుడు కనిపించింది. దారి చీలేచోట, సరిగ్గా నడుమ, కొబ్బరికాయంత రాయి. దానికి అడ్డంగా నిలువుగా నల్లతాడు బిగించి, పైన ముడి!

మీరు తెలుగువారైతే ఇక నేను చెప్పక్కర్లేదు. దిష్టి తీసి పడేసినదైనా కావాలి, గిట్టనివాడు పెట్టించినదైనా కావాలి. అలాంటిదాన్ని చచ్చినా దాటకూడదు. రేవు పనికని పడవ దిగిన మా ముత్తాతలు బట్టల మూటతోపాటు దించుకున్న జ్ఞానం ఇది. అదీ సరిగ్గా నా చెల్లెలి ఉద్యోగం తేలే రోజున! ఎవడి పని? అనుమానితులకు నా దగ్గర ఎప్పుడూ కరువు లేదు. కో అప్పన్నను అందరికంటే ముందు నిలబెట్టాను.

చుట్టూ చూసి, థూథూ అని ఉమ్మి (జపాను తోట కదా, మర్యాదగా రుమాల్లోకే), ఎడమచేత్తో రాయిని పట్టుకెళ్ళి కొలనులో పడేశాను. బుడుంగుమంది. చేపలు, పోలీసు బండిని చూసిన పేవ్‌మెంటు వర్తకుల్లా చెల్లాచెదురయ్యాయి. కాస్త అవతల ఇంకొకటి! అదీ బుడుంగు. తర్వాత బెంచీ మీద వాలితే, నెల తర్వాత మొదటిసారి హాయిగా కునుకు పట్టింది.

"అన్నియ్యా! ఇక్కడ రాయేదీ?"

కళ్ళు తెరిస్తే నూకరత్నం. మొహంలో నెత్తురు లేదు.

"గాబరా పడకే. తీసి పారేసినాను. నీ మీద ఎవడో గట్టిగానే పెట్టించినాడు."

"ఎవడో ఏటి? నేనే పెట్టినాను! పొద్దున్నే నా సేత్తో తాడు కట్టినాను!"

"ఓలమ్మా! నీ మీద నువ్వే సేయించుకున్నావేటే?"

"ఈ దారి మూసేసినామని గుర్తు అది! జపానోళ్ళు బోర్డు పెట్టరు, రాయి పెడతారు. లోపల ఇసక తోట ఉంది. అయ్యగారొస్తారని పొద్దుట్నుంచీ దువ్వి గీతలు గీసినారు!"

పరుగెత్తాం. అలల్లాంటి గీతలు ఉండాల్సిన చోట సగం బోటాటౌంగు ఉంది. మా ఊరి మర్యాద చూడండి, ఇంత శుభ్రంగా ఉంటే గుడే అయ్యుంటుందని చెప్పులు ఒడ్డున వరసగా విప్పి, వట్టికాళ్ళతో ఇసకంతా తిరుగుతున్నారు. ఒక ముసలమ్మ నడుమనున్న బండకు మోకరిల్లింది. సరిగ్గా అప్పుడే యజమాని వచ్చాడు.

"రాళ్ళు ఎవరు తీశారు?" అన్నాడు బర్మీస్‌లో.

నూకరత్నం తప్పు తన మీద వేసుకోబోయింది. మా ఇంట్లో ముందు నోరు తెరిచే హక్కు నాది.

"నేనే. పేరు సింహాచలం. పైగా నాకు ఫిర్యాదు ఉంది! అలాంటి రాయి దారిలో పెడితే మావాళ్ళకు గుండె ఆగిపోతుంది. ఒక్కడూ అడుగు ముందుకు వేయడు."

"మీరు వేయలేదా?"

"నేనా? ఛ!"

ఆయన నా చేయి పట్టుకున్నాడు. "ఆ రాయిని చూసి ఆగిన మొదటి మనిషి మీరే. మిగతావాళ్ళు దాని మీద కూర్చుని ఫోటోలు దిగుతారు." నూకరత్నం వైపు తిరిగాడు. "ఆగేలా పెట్టావంటే నీకు పని తెలుసు. నువ్వు ఉండు." తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఇసక మళ్ళీ దువ్వాలి, దారి మూయాలి. రాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. కో సింహాచలం, మీరు అక్కడ కూర్చోండి."

తోట మూసేదాకా ఆ దారి నడుమ చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఒక్కడు దాటలేదు. దగ్గరదాకా వచ్చినవాళ్ళు నా మొహం చూసి అటునుంచి అటే వెనక్కి తిరిగారు.

సాయంత్రం నూకరత్నం నవ్వాపుకోలేక వచ్చింది. "అయ్యగారు ఆదివారాలు రాగలవేటో అడగమన్నారు అన్నియ్యా. రాళ్ళకంటే నువ్వే నయమంట!"

ఈ మాట కూడా నేను మరిచిపోను. కాబట్టి మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నల్లతాడు కట్టిన ఏ రాయినీ ముట్టను, కదపను, నీళ్ళలో వేయను. మనశ్శాంతి కోసం జపాను తోట గడప తొక్కను.

ఆదివారాలు మాత్రం వెళ్తున్నాను. రాయిగా.