కుడి కొసన మొదటి అక్షరం

నా చేతిరాతను ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. మెచ్చుకున్నవాళ్ళు దాన్ని వినయమనుకుంటారు. వినయం నా ఒంట్లో ఎన్నడూ లేదు, కావాలంటే మా ఇంటామెను అడగండి. అది సిగ్గు. ఉద్యోగం చివరి ఏడు పట్టుకుంది, వజీఫా మీద దిగి ఇన్నేళ్ళయినా వదలలేదు. వజీఫా అంటే పింఛను. మా కాలంలో అందరం ఆ మాటే అనేవాళ్ళం.

నల్లగొండ జిల్లాలో, నార్కట్‌పల్లిలో బస్సు మారి పోవలసిన ఒక చిన్న పట్నంలో, సర్కారు బడిపంతులును నేను. పుట్టింది కోస్గి దగ్గరి పల్లెలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో. ఇంట్లో తెలుగే, సంతలో తెలుగే, తిట్టుకున్నా తెలుగే. రాత మాత్రం ఉర్దూ. "తెలుగు సదివి ఏం జేస్తవురా, భజన జేస్తవా? ఉర్దూ సదువు, కొలువొస్తది" అన్నాడు మా బాపు. కొలువొచ్చింది. లెక్కలు, భూగోళం, చరిత్ర అన్నీ ఉర్దూలోనే నేర్చుకున్నాను, ఉర్దూలోనే నేర్పాను. తెలుగు అక్షరాలు ఏవో కొన్ని గుర్తుపట్టగలిగేవాణ్ణి, అంతే. ఎవరైనా తెలుగు కాగితం తెచ్చి చదివిపెట్టమంటే కళ్ళద్దాలు ఇంట్లో మరిచానని తప్పించుకునేవాణ్ణి. నేను తెలుగోణ్ణి, పైగా పంతులును, నాకు తెలుగు చదవరాదని ఎవరికీ అనుమానం రాలేదు.

బడి అయ్యాక నా లోకం వేరు. ఉర్దూ అక్షరాలను అందంగా రాసే విద్య, ఖుష్‌ఖత్, నా పిచ్చి. రెల్లుపుల్లను ఏటవాలుగా చెక్కి కలం చేసుకోవడం, దీపపు మసిలో తుమ్మబంక కలిపి సిరా నూరుకోవడం, ఒక్క అక్షరం వంపు కుదిరేదాకా కాగితాల మీద కాగితాలు పాడుచేయడం. పట్నంలో దవాఖాన బోర్డు, టపాఖానా బోర్డు, చాయ్ హోటల్ బోర్డు అన్నీ నా చేతివే. బోర్డు రాసేటప్పుడు జనం చుట్టూ చేరి చూడాలి నాకు. అందుకే ఇంట్లో రాసేవాణ్ణి కాదు, బడి వరండాలో కూర్చుని రాసేవాణ్ణి.

ఈ పిచ్చిలో నాకు తోడు ఇంకొక పంతులు. మా బడిలోనే, నా ఈడువాడే. ఇద్దరం ఒకే సంవత్సరం చేరాం, ఒకే సంవత్సరం దిగాలి. ఊరంతా ఆయన్ను మౌల్వీ సాబ్ అనేది, నేను సాబ్ అనేవాణ్ణి, ఆయన నన్ను భాయ్ అనేవాడు. మేమిద్దరం మాట్లాడుకునేది ఉర్దూలోనే. వజీఫా మీద దిగాక మా ఇంటి ముందు గదిలో పిల్లలకు చేతిరాత నేర్పాలని ఇద్దరం అనుకున్నాం. గదికి ఏ రంగు వెయ్యాలో కూడా అనుకున్నాం.

మా ఇంటామెకు ఈ కలాలంటే మంట. ఇల్లంతా రెల్లుపొట్టు, చీరకొంగుల మీద సిరా మరకలు. తప్పంతా ఆమెదని చెప్పలేను. రజాకార్ల రోజుల్లో చుట్టుపక్కల పల్లెలు కాలుతుంటే, రాత్రి కమ్యూనిస్టు సంఘపోళ్ళు, పగలు పోలీసులు తిరుగుతుంటే, బడి మూతపడి నాకు చేతినిండా తీరిక దొరికింది. ఆ తీరికలో రాసినంత బాగా నేను ఎన్నడూ రాయలేదు. "ఊర్లు కాలుతాంటె గీడ కూసోని పుల్లలు చెక్కుతున్నవా? నీది గుండెనా, బండనా?" అనేది ఆమె. నేను కలం సిరాలో ముంచేవాణ్ణి.

ఆ రోజుల్లో సాబ్ ప్రతి సాయంత్రం వచ్చి మా అరుగు మీద, వీధిలో అందరికీ కనబడేటట్టు, చీకటి పడేదాకా కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే గాలి బాగుందనేవాడు. రాత సాధన కోసం వస్తున్నాడనే నేను అనుకున్నాను.

పోలీసు చర్య జరిగింది. హైదరాబాదు దిక్కు మిలిటరీ లారీలు పోతుంటే జనం రోడ్డు పక్కన నిలబడి చూశారు. కొన్నాళ్ళకు బడి తెరిచారు. తెరిచిన బడి నేను ఎరిగిన బడి కాదు. ఇక చదువు తెలుగులోనట. కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. పాత బోర్డు, అంటే నా ఉర్దూ బోర్డు, దించి మూలకు ఆనించారు. ఉద్యోగం ఇంకొక్క ఏడాది ఉంది. ఆ ఏడాది నిండితే పూర్తి వజీఫా, నిండు సర్వీసు చేశాడన్న పేరు. తెలుగులో చెప్పలేని పంతుళ్ళను ముందే పంపించేస్తారని మాట పుట్టింది. నాకు అన్నం సయించలేదు.

అటువంటప్పుడు హెడ్మాస్టరు నన్ను పిలిచి, "ఊర్ల బోర్డులన్ని మీ చేతియేనట గదా సారూ, మన బడి తెలుగు బోర్డు గూడ మీరే రాయాలె" అన్నాడు. రాదని ఒక్క మాట అంటే అయిపోయేది. "అదెంత పని?" అన్నాను.

మా ఇంటామెకు అచ్చు పుస్తకం చదవడం వచ్చు, రాయడం రాదు. ఆమె మేనమామ పురాణం చదువుతుంటే పక్కన కూర్చుని పట్టుకున్న చదువు అది. నాకు అక్షరం గీయడం వచ్చు, చదవడం రాదు. ఇద్దరం కలిసి ఒక మనిషయ్యాం. ఆమె పాత పాటల పుస్తకంలో వెతికి, బడి పేరులోని ఒక్కొక్క అక్షరాన్ని వేలుపెట్టి చూపించింది. నేను వాటిని పెద్దగా గీసి, చింపి, మళ్ళీ గీసి, బొమ్మలుగా కంఠతా పట్టాను. "ఇంట్ల రాసుకపో, నలుగుట్ల కూసోకు" అంది ఆమె. ఆ మాట చెవిన పెడితే నేను నేనెందుకవుతాను!

వరండాలో బోర్డు గోడకానించి కూర్చున్నాను. పిల్లలు, పంతుళ్ళు, ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన, అందరూ చేరారు. లోపల భయంగా ఉంది, పైకి గంభీరంగా ఉన్నాను. కుంచె ముంచి మొదటి అక్షరం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి తన దారిన తాను పోయింది. అక్షరం నిండా రంగు పూసి, అంచులు దిద్ది, వెనక్కి జరిగి చూసుకున్నాను. నాకు బాగానే ఉంది. చాయ్ హోటలాయన మెల్లగా అడిగాడు.

"సారూ, తక్కిన అక్షరాలు గోడ మీద రాస్తరా?"

అప్పుడు చూశాను. ఉర్దూ రాసినట్టు, బోర్డు కుడి కొసన మొదలుపెట్టాను. బోర్డంతా ఎడమపక్కన ఖాళీగా ఉంది. తెలుగు అక్షరం పోవలసిన దిక్కున జానెడు జాగా కూడా లేదు. ముందు ఒక పిల్ల కిసుక్కుమంది, తర్వాత వరండా అంతా నవ్వింది. చిన్న తరగతి పిల్లలకు తెలిసిన సంగతి, ఎడమ నుంచి కుడికి రాయాలన్న సంగతి, వాళ్ళ ముందర నేను మరిచాను. అంగీ నిండా చెమట పట్టింది. "తలనొస్తుంది" అని లేచి, కుంచె కూడా కడగకుండా ఇంటికి వచ్చేశాను.

వచ్చి మంచం మీద గోడ దిక్కు తిరిగి పడుకున్నాను. రేపే అర్జీ పెట్టి ముందుగానే దిగిపోతానన్నాను. మా ఇంటామె తిడుతుందనుకున్నాను. "తిని పండుకో" అంది. ఆ మెత్తదనం తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం సాబ్ వచ్చాడు. ఒంటరిగా కాదు, బోర్డును బడి జవాను నెత్తిన పెట్టించుకుని. జవానును పంపించి, కిరసనాయిలు బట్టతో నా అక్షరాన్ని తుడిచేశాడు. జేబులోంచి సుద్దముక్క తీశాడు. ఎడమ కొస నుంచి మొదలుపెట్టి, బడి పేరు, ఊరి పేరు, తెలుగులో, ఎక్కడా ఆగకుండా రాసుకుంటూ పోయాడు. గుండ్రంగా, నిండుగా, సమంగా ఉన్నాయి అక్షరాలు. మా ఇంటామె వెనక నిలబడి పైకి చదివింది, ఒక్క తప్పు లేదు.

"నీకు తెలుగెట్లా వచ్చు?" అని అడిగాను, ఉర్దూలో.

చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఉర్దూ బడి లేదట. వీధి బడి అయ్యవారి దగ్గర కూర్చోబెట్టారట. పద్యాలంటే ఇప్పటికీ ఇష్టమట, రోజూ కొన్ని చదువుకుంటాడట. "నువ్వెన్నడూ అడగలేదు భాయ్" అన్నాడు. ముప్పై ఏళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. అడగలేదు.

ఆయన గీసిన సుద్ద గీతల మీద నేను రంగు నింపాను. నా చెయ్యి పాత అలవాటుకొద్దీ గీత సన్నం చేయబోతే, "గుండ్రంగా, ఇంకా గుండ్రంగా" అన్నాడు. మరునాడు బోర్డు ఎక్కించారు. ముందు రోజు నవ్వినవాళ్ళే నోరు తెరిచారు. "సారు మనల్ని ఆటపట్టించిండు పో" అన్నాడు చాయ్ హోటలాయన. ఆ మాట నలుగురూ నమ్మారు. గీతలు సాబ్‌వి అని చెబితే నవ్వారు.

వారానికే బళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, తెల్లని పంచె, మెత్తని మాట. గేటు దగ్గరే ఆగి తలెత్తి, "ఎంత చక్కని తెలుగండీ! ఎవరు రాశారు?" అన్నాడు. హెడ్మాస్టరు నన్ను చూపించాడు. లోపల కూర్చోబెట్టి, "మీరు ఈ ఏడాది నిరభ్యంతరంగా ఉండొచ్చు. మౌల్వీగారికి మాత్రం కష్టమండి. తెలుగులో పాఠం చెప్పలేనివాళ్ళని ముందే పంపించెయ్యాలి" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. నా ఉద్యోగ జీవితంలో ఒక అధికారి ముందు నిజం చెప్పింది బహుశా అదొక్కసారే. "సార్, ఆ బోర్డు ఆయనదే. ఆయనకు తెలుగు చదవడం, రాయడం అన్నీ వచ్చు. నాకే రాదు. పిలిచి చూడండి" అన్నాను.

ఇన్‌స్పెక్టరు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది. "స్నేహితుడి కోసం ఇంత మాటంటున్నారు. మీది గొప్ప మనసండీ" అన్నాడు. ఆయన్ను పిలవలేదు. నన్ను పరీక్షించలేదు. మా ఇద్దరి పేర్లు చూస్తే ఆయనకు చాలు. సాబ్ వరండాలోనే, కిటికీ అవతల నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడు.

సాబ్‌ను పంపించేస్తూ ఉత్తర్వు వచ్చింది. నేను కూడా దిగిపోతానని ఇంట్లో ఎగిరాను. సాబే వచ్చి ఆపాడు, ఒక్కరైనా నిండు సర్వీసు చేయాలన్నాడు. నేను ఆగిపోయాను. ఆగిపోవడం ఎంత తేలికయిందో తలచుకుంటే ఇప్పుడు కూడా ఒళ్ళు ముడుచుకుంటుంది. ఆయన అంతసేపూ గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. కలం చెక్కే చాకు నా చేతిలో పెట్టి, హైదరాబాదులో కూతురింటికి వెళ్ళిపోయాడు.

బస్సెక్కించి వచ్చాక మా ఇంటామె అంది: "రజాకార్లు తిరిగినన్నాళ్ళు గాయిన మన అరుగు మీద కూసున్నడు, మన జోలికి ఎవడు రావద్దని. నీకు ఎరుకలేదా? మిలిటరీ వచ్చినంక గాయిన ఇంటి అరుగు మీద నువ్వెన్ని దినాలు కూసున్నవు?"

కూర్చోలేదు. ఆయనకు భయం ఉంటుందనే నాకు తట్టలేదు. పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, అన్నం మాత్రం వడ్డించింది.

ఆ ఏడాది ఎట్లా గడిపానో చెప్పుకోవడానికి బాగుండదు. పొద్దున పొయ్యి దగ్గర మా ఇంటామె పాఠం చదివి వినిపించేది, బడిలో నేను అది అప్పజెప్పేవాణ్ణి. పుస్తకం చేతిలో తెరిచే ఉండేది, చూపు మాత్రం పిల్లల మీదే ఉంచేవాణ్ణి. "సారుకు పుస్తకమంత నోటికొచ్చు" అనుకునేవాళ్ళు పిల్లలు. ఆ మెప్పు కూడా నా లెక్కలోనే పడింది. కలం ముట్టబుద్ధి కాలేదు. ముందుగదికి రంగు వేయించలేదు, మా ఇంటామె అందులో జొన్న బస్తాలు పెట్టించింది.

దిగే రోజు వచ్చింది. బడి ముందు కుర్చీలు వేశారు. అప్పుడు బస్సు దిగి సాబ్ వచ్చాడు, ఎవరు కబురు పెట్టారో తెలియదు. పెట్టింది మా ఇంటామేనని తర్వాత తెలిసింది. బాగా చిక్కిపోయాడు. గేటు దగ్గర ఆగి, తలెత్తి, బోర్డును ఎడమ కొస నుంచి కుడి కొస దాకా, తెలుగులో, నిదానంగా పైకి చదివాడు.

పక్కనే కొత్తగా చేరిన పంతులున్నాడు. సాబ్ ఎవరో అతనికి తెలియదు. "అరె, సాబ్‌కు తెలుగు సదవొస్తదా!" అన్నాడు.

సాబ్ నన్ను చూశాడు. దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "వస్తది బిడ్డా" అన్నాడు తెలుగులో. "గీ సారే నేర్పిండు."

అందరూ చప్పట్లు కొట్టారు. కాదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. అంతలో హెడ్మాస్టరు దండ తెచ్చి నా మెడలో వేశాడు. నేను తల వంచుకున్నాను. చూసినవాళ్ళు వినయమనుకున్నారు.